పండిన వేలు

మా పేటలో పిల్లనిచ్చేవాళ్ళు ముందు పెళ్ళికొడుకు కుడిచేతి చూపుడు వేలు చూసేవారు. ఇల్లూ, పడవా, అన్నదమ్ములెంతమంది అన్నదీ ఆ తరవాత. వేలి కణుపు మీద కాయ కాసి, ఆ కాయ మీద తాడు రాసుకున్న గాడి కనిపిస్తే పిల్ల తండ్రి ఇంక బేరాలాడకుండా తాంబూలం అందుకునేవాడు. వేలు మెత్తగా ఉన్నవాణ్ణి వేరే ఊళ్ళో సంబంధం వెతుక్కోమనేవారు. వింటే మీకు నవ్వొస్తుందేమో. ఒకప్పుడు నేనూ ఇది గొప్పగానే చెప్పుకునేదాన్ని.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది మా పేట. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు వెళ్ళేవారు గానీ, మావాళ్ళ పరువంతా ఏటి వేటలో ఉండేది. ఏటి వేటంటే పండుగప్ప చేప. వానలు వెనకబడి ఏరు తేరుకునే కార్తీకంలో అది సముద్రపు పోటుతో మొగలోకి ఎక్కి వస్తుంది. దాన్ని వలేసి పడితే మా దగ్గర ఎవరూ మెచ్చుకోరు. పడవలో కూర్చుని, బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి, తాడుని చూపుడు వేలి మీదుగా నీళ్ళలోకి వదలాలి. పండుగప్ప ఎరని చూడగానే మింగదు. ముందు మూతితో ఒకసారి తట్టి చూస్తుంది. ఆ తట్టడం వేలికి తెలియాలి. తెలిశాక కాస్త తాడు వదిలి, అది మింగేదాకా ఆగి, అప్పుడు గుంజాలి. అక్కణ్ణుంచి అది పరిగెత్తే పరుగుకి తాడు వేలిని కోసుకుంటూ పోతుంది. కొత్తవాళ్ళు వేలికి గుడ్డ చుట్టుకుంటారు. ఏళ్ళు గడిచి, వేలు గట్టిపడి, ఆ గుడ్డ అక్కర్లేని రోజు వస్తే ఆ వేలిని పండిన వేలు అనేవారు.

అలాంటి వేళ్ళు పేట మొత్తం మీద రెండే అని అందరూ ఒప్పుకునేవారు. ఒకటి కులపెద్ద దాలయ్య తాతది. రెండోది మా అసిరయ్య మావది.

అసిరయ్య మావ మా మేనత్త గున్నమ్మ మొగుడు. మా అయ్య గంగులుకి బావ. ఇద్దరిదీ ఒకే పడవ. మావ ముందు కూర్చుని తాడు పట్టేవాడు, మా అయ్య వెనక కూర్చుని తెడ్డు వేసేవాడు. మావ పొట్టి మనిషి, గుండ్రటి మొహం, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఏడిపిస్తూ ఉండేవాడు. పిల్లలు లేరు. ఆ లోటు వాళ్ళిద్దరూ ఎక్కడా బయట పెట్టలేదు గానీ, మా అత్తకి చుట్ట ముట్టించడం మావ తన పనిగా పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె ఇంట్లో ఉన్నా సరే, పొయ్యిలోంచి రెండు వేళ్ళతో ఎర్రటి నిప్పు తీసి, వాకిట్లో కూర్చున్న అత్త దాకా నడిచి వెళ్ళి, చుట్టకి అంటించి, నిప్పుని నింపాదిగా కింద పారేసేవాడు.  "నా ఏలు పండిపోనాదే, నీ పొయ్యి దాన్నేటి సేస్తాది" అనేవాడు. మా అత్త ముసిముసిగా నవ్వుతూ చుట్ట నిప్పు వైపు నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ లాగేది.

పేటంతా ఆ నిప్పు ముచ్చట చెప్పుకుని మురిసిపోయింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. అంతమంది పెద్దలున్నారే, ఒక్కరికైనా రావద్దా.

అరవై ఎనిమిదో సంవత్సరం కార్తీకంలో మావకి చేపలు తప్పిపోవడం మొదలైంది. పైకి తీస్తే గాలం ఖాళీగా వచ్చేది. రొయ్య ఉండేది కాదు, చేప ఉండేది కాదు. అప్పుడే నూలు తాడు పోయి సన్నటి నైలాన్ తాడు వచ్చింది. మావ తప్పంతా దాని మీద పెట్టాడు. "దీనికి పేణం నేదురా గంగులూ, కబురు సెప్పదు" అనేవాడు. మళ్ళీ నూలు తాడు కట్టాడు. అదీ కబురు చెప్పలేదు. ఒకసారి తాడుని పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. అదేమిటని మా అయ్య అడిగితే, గాలికి తాడు ఊగిపోతోందని చెప్పాడు. మిగతా పడవల వాళ్ళు ఒడ్డున నవ్వుకోవడం మావ చెవిన పడింది. అసిరయ్య వేలు ముసలిదైపోయిందని ఎవడో అన్నాడు.

అందుకే ఆ రోజు గాలిలో కూడా పడవ దించాడు.

ఈశాన్యం గాలి తెల్లవారుజాము నుంచి ఆగకుండా కొడుతోంది. ఏటి పాటు నీళ్ళు సముద్రంలోకి లాగుతుంటే, గాలి వాటిని వెనక్కి నెడుతోంది. రెంటి మధ్యా మొగలో అలలు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. ఒడ్డున పడవలన్నీ బోర్లించే ఉన్నాయి.

"ఇయాల వద్దు బావా. ఒక్కడూ దించనేదు సూడు" అన్నాడు మా అయ్య.

"ఒక్కడూ దించనేదు గాబట్టే మనం దించాల. నీకు బయ్యమేస్తే కూకో. నానొక్కడినీ ఎల్తాను."

మా అయ్యకి ఒళ్ళు మండింది. అయినా తెడ్డు తీసుకుని వెనక కూర్చున్నాడు. ఆ తరవాత జరిగింది ఆయన మా అమ్మకి చెబుతుంటే విన్నాను, పెద్దయ్యాక నాకూ విడిగా చెప్పాడు.

పండుగప్ప వేటలో పడవ మీద మాట్లాడరు. వెనకున్నవాడు ముందున్నవాడి వేలినే చూస్తూ ఉండాలి. వేలు కొంచెం లేస్తే తెడ్డు ఆపాలి, పక్కకి వంగితే పడవని అటు తిప్పాలి. పదేళ్ళ పైగా మా అయ్య అలాగే మావ వేలు చూస్తూ బతికాడు. ఆ రోజు గాలికి కళ్ళల్లోకి ఉప్పునీళ్ళు కొడుతున్నా తుడుచుకుంటూ దాన్నే చూశాడు. పడవ మూతి గాలికి ఎదురుగా నిలపడానికి రెండు చేతులూ పీకేస్తున్నాయి. అలలు పక్కనుంచి ఎగిరి లోపల పడుతున్నాయి.

ఉన్నట్టుండి తాడు నీళ్ళలో పక్కకి జరిగింది. పాటు లాగుతున్న వైపు కాదు, దానికి అడ్డంగా. మా అయ్యకి అది స్పష్టంగా కనిపించింది. వేలు కదల్లేదు. తాడు ఇంకా జరిగింది. వేలు అలాగే ఉంది. మావ ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"బావా, తాడు" అని అరిచాడు మా అయ్య.

మావ ఉలిక్కిపడి, తన వేలిని వేరే ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. తరవాత గుంజాడు. గాలం దిగింది. పండుగప్ప నీళ్ళలోంచి నిలువునా లేచి, తల విదిలించి, మళ్ళీ పడింది. ఆ చప్పుడు గాలిలో కూడా వినిపించిందట. అక్కణ్ణుంచి సముద్రం వైపు పరిగెత్తింది. తాడు వేలి మీద నుంచి సర్రున పోతోంది. మావ మొహం వెలిగిపోయింది. గుడ్డ లేదు, ఏమీ లేదు, వేలు అడ్డం పెట్టి పండుగప్పని ఆపుతున్నాడు. "సూడరా గంగులూ, సూడు" అని మాట్లాడకూడని చోట మాట్లాడాడు. పడవ ఒకసారి పక్కకి తిరిగి సగం దాకా నీళ్ళు పట్టింది. మా అయ్య దాన్ని ఎలా నిలబెట్టాడో ఆయనకే తెలియదు. చేప ఎంత లాగితే మావ అంత నవ్వాడు. చివరికి చేప అలిసిపోయి పక్కకి ఒరిగింది. మావ దాని దవడలో చెయ్యి పెట్టి లోపలికి ఎత్తి వేశాడు. చంకనెత్తుకునే పిల్లంత ఉంది.

పడవ అడుగున నిలిచిన నీళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏటిరా ఇంత నెత్తురు. గాలం కడుపులోకి దిగిపోనాదేటి" అని మావ చేప నోరు తెరిచి చూశాడు. గాలం పెదవికే ఉంది.

"బావా, అది సేప నెత్తురు కాదు."

"మరెవులిది?"

"నీ ఏలు సూసుకో."

మావ చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. తాడు వేలిని కోసుకుంటూ లోపలికి పోయింది. తెల్లగా ఎముక కనిపిస్తోంది. నెత్తురు మోచేతి దాకా కారుతోంది. ఆయన దాన్ని ఎడమచేత్తో తాకాడు, నొక్కాడు, చివరికి గట్టిగా గిల్లాడు.

"నొప్పి నేదా?" అన్నాడు మా అయ్య.

"నేదు."

"ఎప్పుట్నుంచి నేదు?"

 గాలికి పడవ కొట్టుకుపోతుంటే మా అయ్య తెడ్డు వెయ్యడం మర్చిపోయాడు.

"ఏలు పండిపోనాదనుకున్నానురా గంగులూ" అన్నాడు మావ.

 నొప్పి తెలియకపోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఏటికి అవతల ఇసక తిప్ప మీద ఒక పాడుపడ్డ గుడిసె ఉండేది. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చిన ఒక ముసలామెని పేటవాళ్ళు అక్కడ పెట్టారు. ఎవరో ఒకరు గంజికుండ పడవలో తీసుకెళ్ళి తిప్ప అంచున దించి, దిగకుండానే వెనక్కి వచ్చేసేవారు. ఆమె పోయినట్టు కూడా ఎవరూ చూడలేదు. వరసగా గంజి ముట్టకుండా ఉండిపోతే అప్పుడు తెలిసింది. పెద్దరోగం వచ్చినవాళ్ళు అక్కడికే వెళ్ళాలని పేట కట్టుబాటు.

"సాలూరులో ఆసుపత్రుంది బావా. మందిస్తారట. తగ్గుతాదట."

"సాలూరు సంతకి మన ఆడోలు ఎండుసేపలు మోసుకెల్తారు. ఎవులో ఒకలు సూస్తారు. సూస్తే తిప్పే గదా. అక్కడికి నానెల్లను. గున్నికి సెప్పకు. నా మీద ఒట్టు."

పడవ ఒడ్డుకి వచ్చేసరికి మావ చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. చేప ముల్లు గీరిందని చెప్పాడు. జనం పోగయ్యారు. దాలయ్య తాత ఆ చేపని రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించి, "పండిన ఏలంటే ఇదిరా. గాలి గీలి దానికి లెక్కేటి" అన్నాడు. ఒకడు కేక వేశాడు. మావ నవ్వాడు. మా అయ్య మాత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా లేచిపోయాడు.

ఒట్టు వేయించుకున్నా ఆయన ఆగలేక మర్నాడు చెల్లెలికి చెప్పేశాడు. మా అత్త ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ ఏడవలేదు.

"నాకు తెలుసు. ఒకనాడు నిప్పు తెస్తే కాలిన వాసనేసింది. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. నానప్పుట్నుంచి సుట్ట మానేసినాను. ఇంట్లో ఉన్న మనిసికి ఎందుకు మానేసినానో అడగాలని తోచనేదు. నువ్వు రోజూ ఆ ఏలే సూస్తావు, నీకూ తోచనేదు" అంది.



శృంగవరపుకోటలో మావ వేలువిడిచిన అన్నకి ఒంట్లో బాగోలేదని ఊళ్ళో చెప్పి, మా అత్త మావని తీసుకుని బస్సెక్కింది. శ్రీకాకుళంలో మారి సాలూరు చేరారు. అక్కడ డాక్టరు మావని కళ్ళు మూసుకోమని, చేతి మీద, వీపు మీద సూదితో అక్కడక్కడ గుచ్చి, గుచ్చినప్పుడల్లా చెప్పమన్నాడు. కొన్ని చోట్ల మావ చెప్పాడు. చూపుడు వేలి దగ్గర చెప్పలేదు. మా అత్త పక్కన నిలబడి అంతా చూసింది. పోయిన స్పర్శ మళ్ళీ రాదనీ, బిళ్ళలు మానకుండా మింగితే రోగం ఇంక ముందుకు పోదనీ, మింగుతున్నంత కాలం అందరితో కలిసి ఉండొచ్చనీ డాక్టరు చెప్పాడు. మావ ఆ చివరి మాట మళ్ళీ చెప్పించుకున్నాడట.

ఆసుపత్రి గేటు దాటి రోడ్డెక్కగానే ఎదురుగా ఎండుచేపల గంపతో మా పేట ఆవిడే, తాతమ్మ అనే ఆమె, నిలబడి ఉంది.

వాళ్ళు ఇల్లు చేరకముందే కబురు చేరింది. పేట మొత్తం వలలు ఆరేసే చోట పోగైంది. పట్టపగలు, గాలి ఇసకని మొహాల మీద కొడుతోంది. దాలయ్య తాత బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. మావ దూరంగా, ఒక్కడే, నేల మీద కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనకుండానే అంత దూరం వెళ్ళి కూర్చున్నాడు. మా అయ్య జనంలో కలిసిపోయి తలొంచుకున్నాడు. బావ పక్కకి వెళ్ళి నిలబడలేదు. ఆ కోపం నాకు ఆయన పోయేదాకా పోలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను.

"అసిరయ్యా, నీ మీద మాకు కోపం నేదు. మనోడివే" అని మొదలుపెట్టాడు దాలయ్య తాత. ఆయన కుడిచెయ్యి పక్కన పడవ చెక్క మీద చాపి ఉంది. "గానీ పేటన్నాక పిల్లాపాపా ఉంతారు. తిప్ప మీద గుడిసేసుకో. కూడు మేం పంపుతాం."

మా అత్త ముందుకు వచ్చింది. బతిమాలుకోవడానికి వచ్చిందని అందరం అనుకున్నాం. తాత కూర్చున్న పడవ పక్కనే కింద కూలబడి, కొంగులో ఏదో వెతుక్కుంటోంది. తాత ఆవిడ వైపు చూడలేక ఏటి వైపు మొహం తిప్పుకున్నాడు.

"పడవెక్కొద్దు. నుయ్యి ముట్టొద్దు" అంటున్నాడు.

అత్త చేతిలో గాలం ఉంది. దాని మొన చెక్క మీదున్న ఆయన చూపుడు వేలికి ఆనించి నొక్కింది. కాయ కాసిన చోట కాదు, దాని పక్కన మెత్తటి చోట. గాలం దిగింది.

"గున్నమ్మ ఇక్కడుంతానంటే ఉండొచ్చు. నీతో వస్తానంటే మల్లీ పేటలోకి రాకూడదు. ఇది నా మాట కాదు, పెద్దోలు పెట్టిన కట్టు" అంటున్నాడు తాత, ఏటి వైపే చూస్తూ.

నెత్తురు చెక్క మీదుగా కారి ఇసకలో పడింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు చూశారు. తరవాత వెనకవాళ్ళు చూశారు. మాటలాగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి తాత తల తిప్పాడు. అందరూ ఎక్కడ చూస్తున్నారో తానూ అక్కడ చూశాడు.

"నొప్పెట్టనేదా పెద్దయ్యా?" అంది మా అత్త.

ఆయన చెయ్యి కండువాలో దాచుకున్నాడు. గాలం ఇంకా వేలికే ఉంది. లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. తీర్పు మధ్యలోనే ఆగిపోయింది. జనం ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు, కానీ తాడు పట్టే ప్రతి మగాడూ దారిలో తన వేలు గిల్లుకుంటూ నడిచాడు. మా అయ్య ఇంటికి రాగానే సూది తీసుకుని గుచ్చుకున్నాడు. అమ్మా అని అరిచి, నొప్పెట్టినందుకు గోడకి ఆనుకుని ఏడ్చాడు.

ఆ తరవాత పేట మావతో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. తిప్ప మీదికి పొమ్మని ఎవరూ అనలేదు. కానీ ఆయన నూతి దగ్గరికి వస్తే బిందెలు పక్కకి జరిగేవి. మా అత్త చేపలు ఎవరూ కొనలేదు. మా అమ్మ నన్ను వాళ్ళింటికి పోనివ్వలేదు, నేను పోయేదాన్ని. ఏదో ఒకటి తేలడానికి అందరూ కులపెద్ద మాట కోసమే చూస్తున్నారు. ఆయన ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

మావ బిళ్ళలు అయిపోవస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను అత్త వాకిట్లో ఉండగా దాలయ్య తాత వచ్చాడు. గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

"అసిరయ్యా, ఆ బిళ్ళలు నాకు కొన్నియ్యి. ఎవులికీ తెలవకుండా మింగుతాను."

మా అత్త భగ్గుమంది. "తిప్ప మీదికి పో పెద్దయ్యా. కూడు మేం పంపుతాం" అంది.

"ఊరుకోయే" అన్నాడు మావ. తరవాత తాతతో, "సగం నీకిస్తే ఇద్దరికీ పని సెయ్యవు. డాకటరు సూసి ఇయ్యాల. రేపు నానెల్తన్నాను, నువ్వూ రా. దొంగతనంగా కాదు. పేట ముందర బస్సెక్కాల. ఎక్కడికని అడిగితే నీ నోటితో నువ్వే సెప్పాల" అన్నాడు.

"నాను కులపెద్దనిరా. ఆ మాట నా నోటంట ఎలగొస్తాది?"

"నీ నోటంట వస్తేనే నాను ఇక్కడ బతుకుతాను."

తాత తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. రాడని మా అత్త అంది. మావ చెంబు తీసుకుని చేతులు కడుక్కున్నాడు, ఏ వేలు తడిసిందో చూసుకుంటూ.

మర్నాడు పొద్దున రోడ్డు మీద పేటలో సగం మంది ఏదో పనున్నట్టు తిరుగుతున్నారు. గాలి అలాగే కొడుతోంది. తాతమ్మ గంపతో నిలబడి ఉంది. అత్తా మావా ఒక పక్కన నిలబడ్డారు. బస్సు వచ్చింది. దాలయ్య తాత లేడు. మావ దారి వైపు ఒకసారి చూసి, బస్సెక్కి కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. అత్త కన్నీళ్ళు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కండక్టరు తలుపు వేయబోయాడు.

అప్పుడు ఇళ్ళ మధ్యలోంచి తాత వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. చెయ్యి కండువాలో ఉంది. జనం రెండు వైపులా జరిగి దారిచ్చారు. బస్సు మెట్టు ఎక్కడానికి కండువాలోంచి ఆ చెయ్యి తీసి కమ్మీ పట్టుకున్నాడు. వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏ ఊరు పెద్దయ్యా?" అన్నాడు కండక్టరు.

తాత మెట్టు మీదే ఆగి, వెనక్కి తిరిగి, రోడ్డు మీదున్న వాళ్ళందరి వైపూ చూశాడు.

"సాలూరు. పెద్దరోగం ఆసుపత్రికి. నాకూ, అసిరయ్యకీ" అన్నాడు.

మావ కిటికీ వైపు జరిగి ఆయనకి చోటిచ్చాడు.